పదహారేళ్ల గర్భిణి ఆసుపత్రికి వస్తే పోలీసులకు చెప్పి తీరాలా?

రాయలసీమ నర్సు:
నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. ఈమధ్య ఏడో నెల గర్భిణిని అత్తగారు వెంటబెట్టుకొచ్చారు. వయసు అడిగితే అత్తగారే అందుకుని పంతొమ్మిది అన్నారు. అమ్మాయి తల ఎత్తలేదు. ఎంతవరకు చదివావమ్మా అని అడిగితే, పోయిన ఏడాది పదో తరగతి పరీక్షలు రాశానంది. అంటే పదహారు, మహా అయితే పదిహేడు. హిమోగ్లోబిన్ 7 దగ్గరే ఉంది. పాదాలు నొక్కితే సొట్ట పడుతున్నాయి. బీపీ 150 మీద 100. గుర్రపువాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, వచ్చే ముందు కనిపించే లక్షణాలివి. ఏడు నెలల్లో ఆమెకు ఇదే మొదటి పరీక్ష. ముందే వస్తే ఆమె మొగుణ్ని జైల్లో పెడతారని ఊళ్లో చెప్పారట.

అది వట్టి పుకారు కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. మా వైద్యాధికారి సమాచారం పంపారు. అమ్మాయిని 108లో పెద్దాసుపత్రికి తరలించాం. అక్కడ పోలీసులు వచ్చారని తెలియగానే ఇంటివాళ్లు ఎవరికీ చెప్పకుండా ఆమెను తీసుకుని వెళ్లిపోయారు. ఎక్కడుందో మా ఆశా కార్యకర్తకు కూడా ఇంకా దొరకలేదు.

ఆ పిల్ల కోసం చేసిన చట్టమే ఆ పిల్లకు వైద్యం అందకుండా చేస్తే ఎలా? కాన్పు అయ్యేవరకైనా పోలీసులను పక్కన పెట్టి, ముందు బాలల సంక్షేమ కమిటీకి చెప్పే వీలుండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

బడిగంట:
మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ మీ మాటతో ఏకీభవించలేను. కర్ణాటక సరిహద్దులో హైస్కూలు టీచరుగా ఉన్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లను మేనమామకు ఇస్తున్నారని తెలిసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. అధికారులు వచ్చారు, తల్లిదండ్రుల చేత కాగితం రాయించుకున్నారు, పెళ్లి ఆగింది. మూడు నెలల తర్వాత అవతలి వైపు గుళ్లో తాళి కట్టించేశారు. కాగితానికి భయపడనివాళ్లు కేసుకు భయపడతారు. ఆ ఒక్క భయాన్ని కూడా తీసేస్తే మా చేతిలో ఇంకేం మిగులుతుంది?

ఇంకొకటి. ఆ గర్భం మొగుడి వల్లే వచ్చిందని మీకు ఎలా తెలుస్తుంది? అత్తగారు చెప్పారు కాబట్టి. బాబాయి చేసిన పనిని కప్పిపుచ్చడానికి హడావిడిగా పెళ్లి చేసిన ఇళ్లు లేవా? నర్సుకో డాక్టరుకో ఆగే అధికారం ఇస్తే, మొదట దాన్ని వాడుకునేది అలాంటివాళ్లే.

నల్లకోటు:
ఇద్దరి మాటల్లోనూ బలముంది. ముందు చట్టం ఎక్కడుందో చెబుతాను. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు, భార్యకు 18 నిండకపోతే భర్త చేసినా అత్యాచారమే అంది. పోక్సోలో బాలిక గర్భం దాల్చడమే నేరాన్ని మరింత తీవ్రం చేస్తుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్లు. అందులో తగ్గించే వెసులుబాటు జడ్జికి లేదు. నలభై ఏళ్లవాడు బెదిరించి చేసినా, ఇంటి నుంచి కలిసి పారిపోయిన పంతొమ్మిదేళ్ల కుర్రాడైనా అదే లెక్క.

2022 సెప్టెంబరు తీర్పులో కొంత ఊరట ఉంది. బాలిక, ఆమె సంరక్షకులు కోరితే, గర్భస్రావం చేసే డాక్టరు పోలీసులకు సమాచారం ఇచ్చేటప్పుడు ఆమె పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదు. కానీ బిడ్డను కనాలనుకునే పిల్ల సంగతి అందులో లేదు. రాయలసీమ నర్సు గారి కేసు సరిగ్గా అదే.

పశ్చిమ బెంగాల్ కేసు కూడా చూడండి. 2025 మేలో సుప్రీంకోర్టు, బాలికతో కాపురం పెట్టి పోక్సో కింద దోషిగా తేలినవాడికి జైలుశిక్ష వేయకుండా వదిలింది. జరిగిన నేరం కంటే, ఆ తర్వాత పోలీసులు, కోర్టుల చుట్టూ తిరగడమే ఆ అమ్మాయిని ఎక్కువ నలిపిందని కోర్టే గుర్తించింది. అయితే అది రాజ్యాంగం 142వ అధికరణం కింద ఇచ్చిన ప్రత్యేక ఉత్తర్వు. మన జిల్లా కోర్టుల్లో అది దొరకదు.

రాయలసీమ నర్సు:
టీచరు గారూ, భయం పనిచేస్తుందన్నారు. ఎవరి మీద పనిచేస్తుందో చూడండి. అస్సాంలో 2023 ఫిబ్రవరిలో బాల్య వివాహాల పేరిట మూడు వేలకు పైగా అరెస్టులు చేశారు. గర్భిణులు ఆసుపత్రికి రావడానికే జంకుతున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. తాళి కట్టించిన పెద్దలు ఎలాగోలా బయటపడతారు. మూల్యం చెల్లించేది కడుపుతో ఉన్న పిల్ల. కటి ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగని వయసు. రక్తహీనత ముందే ఉంటుంది. బిడ్డ నెల తక్కువలోనో, తక్కువ బరువుతోనో పుడుతుంది. ఇవన్నీ ముందు చూసుకుంటే చాలావరకు ఆపగలిగినవి. కానీ ఆమె మా గడప తొక్కితేనే కదా.

మీ రెండో మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు.

పాలమూరు తల్లి:
మీరంతా 18 గీత దగ్గరే ఆగిపోయారు. మా అమ్మాయికి ఇంటర్ అయింది. 18 నిండిన నెల నుంచే సంబంధాలు. కల్యాణలక్ష్మి డబ్బులు వస్తాయిగా అని చుట్టాల తొందర. ఆ పథకం వల్ల వయసు నిండే వరకైనా ఆగుతున్నారు, అది మంచిదే. కానీ 18కి పెళ్లి, 19కి ఒళ్లో బిడ్డ అయితే పోలీసు కేసు ఉండదు గానీ, ఆ పిల్ల ఒంట్లో రక్తం ఏమైనా పెరుగుతుందా? చదువు నిలుస్తుందా?

కొత్త పెళ్లికూతురిని ఆరో నెల నుంచే 'ఏమైనా విశేషమా' అని అడిగే నోళ్లను ఎవరూ ఆపరు. గర్భం రాకుండా వాడే ఛాయా మాత్రలు, అంతర ఇంజెక్షన్ సర్కారు దవాఖానాలో ఊరికే ఇస్తారని నాకే ఈమధ్య తెలిసింది. మొదటి కాన్పు కాకముందు వాడితే పిల్లలు పుట్టరని మా వాడలో గట్టి నమ్మకం. అది తప్పని మగపిల్లాడికీ అత్తగారికీ కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కావాలి. పెళ్లికూతురికి మాత్రమే చెబితే లాభం లేదు.

బడిగంట:
అమ్మా, సరిగ్గా చెప్పారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్లకే తల్లయినవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు దేశం మొత్తమ్మీద 2015–16లో 7.9 శాతం, 2019–21లో 6.8. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 11.8 నుంచి 12.6కి పెరిగింది. తెలంగాణలో 5.8. ఇన్ని పథకాలున్న రాష్ట్రంలో ఇలా పెరగడం నాకు సిగ్గుగా ఉంది.

మా దగ్గర కారణం కంటికి కనిపిస్తుంది. పంటలు లేని నెలల్లో అమ్మానాన్నలు సుగ్గికి, అంటే పని కోసం వలస, పోతారు, గుంటూరు మిరప కోతకో బెంగళూరుకో. ఎదిగిన ఆడపిల్లను ఎవరి దగ్గర వదలాలి? వెంట తీసుకెళ్తే బడి పోతుంది, వదిలేస్తే భయం. పెళ్లి చేసేస్తే బాధ్యత తీరిపోతుందనుకుంటారు. అలాంటి పిల్లలకు సీజనల్ హాస్టల్ సుగ్గి మొదలయ్యే రోజుకే తెరిచి ఉండాలి. రెండు నెలలు ఆలస్యంగా తెరిస్తే అప్పటికే సగం మంది వెళ్లిపోయి ఉంటారు. పదో తరగతి తర్వాత జూనియర్ కాలేజీకి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నమ్మకంగా బస్సు ఉండాలి. ఆడపిల్లలు ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ సీటు దొరికిన మా పిల్లల్లో ఒక్కరికీ మధ్యలో పెళ్లి కాలేదు.

అయినా సమాచారం ఇవ్వాలన్న మాట మీద నేను నిలబడే ఉన్నాను.

నల్లకోటు:
ఇవ్వాలా వద్దా అన్నదానికంటే, ఇచ్చాక ఎవరు వస్తారన్నది ముఖ్యం. యూనిఫాంలో కానిస్టేబుల్ ప్రసూతి వార్డుకు వస్తే కుటుంబం పారిపోతుంది. పోక్సో నియమాల్లోనే బాలికకు తోడుగా సహాయకులను ఇచ్చే ఏర్పాటుంది. మఫ్టీలో, వీలైనంతవరకు మహిళా అధికారి రావాలని చట్టమే చెబుతోంది. అది జరుగుతోందా అని అడిగేవాళ్లే లేరు. మారాల్సింది 20 ఏళ్ల కనీస శిక్ష. అది జడ్జి విచక్షణకు వదలాలి. ఇంకో సంగతి ఆ పిల్లలకు చెప్పండి. బాల్య వివాహాన్ని తనకు 20 ఏళ్లు వచ్చేవరకు ఆమె కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. పుట్టిన బిడ్డ హక్కులకు భంగం ఉండదు.

బడిగంట:
నర్సు గారూ, ఒక్క ప్రశ్న. అత్తగారిని బయట కూర్చోబెట్టి అమ్మాయితో విడిగా మాట్లాడే గది మీ కేంద్రంలో ఉందా?

రాయలసీమ నర్సు:
లేదండీ. ఇంజెక్షన్ల గదిలో తలుపు వేసి మాట్లాడతాను, అదీ బయట వరుస లేనప్పుడు. ఆ రోజు సోమవారం, వరుస గేటు దాకా ఉంది. ఇకనుంచి ఎంత వరుస ఉన్నా, 20 ఏళ్లలోపు గర్భిణి అయితే ముందు ఒంటరిగానే మాట్లాడాలని మా డాక్టరు గారితో చెప్పి ఒప్పించాను. మీరడిగిన 'ఎవరి వల్ల' అన్నదానికి జవాబు దొరికితే అక్కడే దొరకాలి. కాన్పు వరకు పోలీసులు ఆగాలన్న నా మాట మాత్రం మారలేదు.