రిఫార్మర్ మీద నిలబడితే కాళ్ళు గజగజ. మెషీన్‌లో లోపమా?

మణికొండ_మామ్:
పొద్దున్నుంచి దీనితోనే కుస్తీ. పిలాటీస్ వ్యాయామం నేర్పే స్టూడియో ఫీజులు కట్టలేక ఇంటికే రిఫార్మర్ తెప్పించుకున్నా, అదే, స్ప్రింగులు బిగించిన జారే బల్ల (క్యారేజ్) ఉండే మెషీన్. పడుకుని కాళ్ళతో తోసే ఫుట్‌వర్క్ బాగానే వస్తోంది, గొడవంతా సైడ్ స్ప్లిట్స్ దగ్గరే. ఒక కాలు కదలని బోర్డు మీద, ఇంకోటి క్యారేజ్ మీద పెట్టి తోయగానే క్యారేజ్ సర్రున జారిపోతోంది. వెనక్కి లాక్కోవాలంటే తొడలు వణుకుతున్నాయి. స్ప్రింగ్ తేలిక చేసుకుని చూశా, ఇంకా ఘోరం. కాళ్ళకి బలం, బ్యాలెన్స్ వస్తాయనే కదా ఇంత డబ్బు పోసింది! స్టూడియోలో ఎప్పుడూ ఇలా లేదు. వాపస్ పంపాలంటే రేపే ఆఖరు. త్వరగా చెప్పండి ప్లీజ్.

బస్కీల_బాబాయ్:
అమ్మా, లక్షలు పోసి బల్ల కొనడం దేనికి? రోజూ పొద్దున్నే బస్కీలు తీస్తే తొడలు రాటుదేలతాయి. పైసా ఖర్చు లేదు.

స్ప్రింగ్_సుబ్బు:
ఏ స్ప్రింగ్ పెట్టారు?

పాతపుటలు:
అసలు పిలాటీస్ అనేది మనిషి పేరని ఎంతమందికి తెలుసు? జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌వాళ్ళు ఆయన్ని ఐల్ ఆఫ్ మ్యాన్‌లో నిర్బంధించారు. తర్వాత న్యూయార్క్ వెళ్ళి స్టూడియో పెడితే డాన్సర్లు క్యూ కట్టారు. ఆయన తన పద్ధతికి పెట్టుకున్న పేరు ‘కంట్రాలజీ’. పిలాటీస్ అన్న పేరు ఎవరి సొంత ట్రేడ్‌మార్కూ కాదని 2000లో అమెరికా కోర్టు తేల్చింది. అందుకే ఇవాళ సందుకో స్టూడియో. నేర్పేవాళ్ళకి ఏపాటి వచ్చో దేవుడికే ఎరుక.

మణికొండ_మామ్:
సార్, చరిత్ర తర్వాత. సుబ్బు గారూ, స్టూడియోలో లాగే ఎరుపు ఒక్కటే పెట్టా. కష్టంగా ఉందని తీసేసి నీలం పెట్టా.

స్ప్రింగ్_సుబ్బు:
అదీ సంగతి. మీ స్టూడియోలో ఎరుపు వేరు, మీ ఇంట్లో ఎరుపు వేరు. బ్యాలెన్స్‌డ్ బాడీ అనే కంపెనీ మెషీన్లలో ఎరుపు స్ప్రింగ్‌కి ఫుల్ బిగువు, నీలానికి సగం, పసుపుకి పావు. అన్ని కంపెనీలదీ అదే లెక్క కాదు. మాన్యువల్ చూడండి. పైగా మీరు తేలిక చేయలేదు, కష్టం చేసుకున్నారు.

జిమ్_రాజా:
అదెలా? లైట్ అంటే తేలిక, హెవీ అంటే కష్టం. ఏ జిమ్‌లో అడిగినా ఇదే చెప్తారు.

స్ప్రింగ్_సుబ్బు:
జిమ్ కాదిది.

ఫిజియో_వైజాగ్:
ఇద్దరూ కరెక్టే, చేసే వ్యాయామాన్ని బట్టి మారుతుంది. ఫుట్‌వర్క్‌లో స్ప్రింగే బరువు. ఎక్కువ పెడితే కాళ్ళకి పని ఎక్కువ, బలం పెరుగుతుంది. పడుకుని తోస్తాం కాబట్టి ఒంటి బరువంతా మోకాళ్ళ మీద పడదు. మడమలతో తోస్తే పిరుదులు, తొడ వెనక కండరాలు, మునివేళ్ళ మీదైతే పిక్కలు బాగా పనిచేస్తాయి. క్యారేజ్ దబ్బున కొట్టుకోకుండా మెల్లగా వెనక్కి రానివ్వాలి. చాలామంది అక్కడే తొందరపడి సగం లాభం పోగొట్టుకుంటారు.

సైడ్ స్ప్లిట్స్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ స్ప్రింగ్ క్యారేజ్‌ని లోపలికి లాగి మీకు సాయం చేస్తుంది. తేలికది పెడితే ఆ సాయం తగ్గి, లోపలి తొడలు, నడుం పక్క కండరాలు ఒంటరిగా ఆపాలి. నిలకడ వచ్చేది అక్కడే, కానీ మొదట్లోనే అంత తేలికది వద్దు. పట్టీల్లో పాదాలు పెట్టి చేసేవీ అంతే, స్ప్రింగ్ మరీ తేలికైతే కాళ్ళ బరువు మీరే మోయాలి, నడుం పైకి లేస్తుంది.

ఇంతకీ వణికేది రెండు కాళ్ళా? మోకాలికి పాత దెబ్బలేమైనా?

మణికొండ_మామ్:
ఎడమ కాలే ఎక్కువ. లిగమెంట్ ఆపరేషన్ అయింది, అది ఎప్పటి సంగతో లెండి.

ఫిజియో_వైజాగ్:
మేడమ్, మొదటి లైన్‌లో రాయాల్సిందది! ముందు మీ డాక్టర్‌కో ఫిజియోకో మోకాలు చూపించండి. వాళ్ళు సరే అంటే ఒంటికాలి ఫుట్‌వర్క్ చేయండి, రెండు కాళ్ళకీ ఒకే స్ప్రింగ్. రెండు కాళ్ళతో తోసేటప్పుడు గట్టి కాలు రెండోదాని పని కూడా లాగించేస్తుంది, ఒంటికాలితో తోస్తే తేడా బయటపడుతుంది. సైడ్ స్ప్లిట్స్‌కి గట్టి స్ప్రింగ్ పెట్టి కొంచెం దూరమే తోయండి. ఎక్కేటప్పుడు ముందు కదలని బోర్డు మీద కాలు, తర్వాతే క్యారేజ్ మీద. దిగేటప్పుడు క్యారేజ్ పూర్తిగా లోపలికి వచ్చి ఆగాలి. మోకాలు వాచినా, పట్టు తప్పినట్టున్నా ఆపేయండి.

బస్కీల_బాబాయ్:
ఇంత తతంగమా? మా తాత ఫిజియో మొహం చూడకుండానే తొంభై ఏళ్ళు బతికాడు.

ఫిజియో_వైజాగ్:
బాబాయ్ గారూ, మోకాలు బాగున్నవాళ్ళకి బస్కీలు మంచివే. ఎముకలు గట్టిపడాలంటే నిలబడి బరువు మోయాలి, పడుకుని తోయడం ఒక్కటే చాలదు. కానీ ఆపరేషన్ అయిన మోకాలికి లోతుగా కూర్చుని లేవమని తెలియకుండా చెప్పకండి.

బస్కీల_బాబాయ్:
నేను లోతుగా అన్నానా? పైన చదువుకోండి.

పాతపుటలు:
కంట్రాలజీ గురించి ఒక్కరూ స్పందించలేదు.

మణికొండ_మామ్:
మాన్యువల్ చూశా. దీంట్లో నీలం అన్నిటికన్నా తేలికదట, ఎరుపు దానికి కాస్త పైన. ఆకుపచ్చ పెడితే క్యారేజ్ ఆగింది. వాపస్ పంపట్లేదు. డాక్టర్ సంగతి చూస్తా. థ్యాంక్స్, బాబు స్కూల్ బస్ వచ్చింది.

జిమ్_రాజా:
మేడమ్, అది ఎంత పొడుగుంది? మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పడుతుందా?