మైలుతుత్తంలో ఉన్నది మైల కాదు, మయిలు

నిన్న సాయంత్రం విజయవాడలో మా వీధి చివర బైండింగ్ షాపులో కూర్చున్నాను. అట్టలు ఊడిపోయిన పాత పుస్తకాలు కొన్ని ఇచ్చి వద్దామని వెళ్తే, ఆయన మైదా ఉడకబెట్టి జిగురు కాస్తున్నాడు. దించే ముందు ఒక డబ్బాలోంచి నీలం పలుకులు కొంచెం తీసి, నీళ్లలో కరిగించి అందులో పోశాడు. పురుగు పట్టకుండా ఉంటుందట. డబ్బా మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది: "మైల తుత్తం". మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు, ఆ పేరును రెండు ముక్కలుగా రాశారు. ఇలా ఎందుకు రాశారని అడిగితే, "ముట్టుకుంటే మైలండీ, విషం కదా, చెయ్యి కడుక్కోకుండా అన్నం తినకూడదు, అందుకే ఆ పేరు" అన్నాడు. చాలామంది ఇదే చెబుతారు, మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఇదే చెప్పారు. కానీ ఆ మాటలో మైల లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పాత రాత "మయిలుతుత్తము". పయి పై అయినట్టు, కయిత కైత అయినట్టు, మయిలు మైలు అయింది. మయిల్ అంటే తమిళంలో నెమలి. వాళ్లు ఇప్పటికీ మయిల్‌తుత్తం అంటారు, కన్నడంలో మైలుతుత్త. సంస్కృతం వైపు చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది: అమరకోశం వైశ్యవర్గంలో తుత్థానికి, అంటే మన తుత్తానికి, ఇచ్చిన పేర్లలో మయూరకం, శిఖిగ్రీవం రెండూ ఉన్నాయి. శిఖి అంటే నెమలి, గ్రీవం అంటే మెడ. నెమలి మెడ రంగులో ఉండేది అని అంత సూటిగా పేరు పెట్టారు. మనకు నెమలి అనే సొంత మాట ఉండగా మయిలు ఎలా వచ్చిందంటే, వైద్యుల చేతుల మీదుగా, పచారీ కొట్ల మీదుగా సరుకుతో పాటు పేరు కూడా దక్షిణం నుంచి వచ్చి ఉంటుందని నా ఊహ. ఊహే, పట్టుబట్టను.

తుత్తం అనే రెండో ముక్క కూడా చిన్నది కాదు. పాలతుత్తం అని ఇంకొకటి ఉంది, అది జింకు సల్ఫేటు, తెల్లగా ఉంటుంది. అంటే తుత్తం అనేది జాతి పేరు, దాని ముందున్న పాలు, మయిలు రంగును బట్టి పెట్టిన గుర్తులు. "మైల తుత్తం" అని విడదీసి రాస్తే ఈ వర్గీకరణ మొత్తం పోతుంది. నా బాధ అదే.

గుంటూరు నుంచి, కెమిస్ట్రీ చెప్పే ఒక మాస్టారు:

వ్యుత్పత్తి బాగుందండీ. ఒక్క సందేహం. కొట్లో దొరికేది ఫ్యాక్టరీలో తయారైన కాపర్ సల్ఫేటు. భూమిలో సహజంగా దొరికే ఖనిజానికి చాల్కాంథైట్ అని వేరే పేరుంది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపేస్తే ఇబ్బంది, ఎందుకంటే మనిషి తయారు చేసినదాన్ని ఖనిజం అనకూడదు అనేది నియమం. మైలుతుత్తం అనే మాటను రసాయనానికి ఉంచి, ఖనిజానికి చాల్కాంథైట్ అనే వాడితే సరిపోదా?

పోస్టు పెట్టిన నేనే:

మాస్టారూ, నియమం మీరు చెప్పిందే, కాదనను. కానీ వరస తిరగేసి చూడండి. అమరకోశం నాటికి ఫ్యాక్టరీ ఎక్కడుంది? చాల్కాంథైట్ అనేది గ్రీకు మాట, ఖాల్కోస్ అంటే రాగి, ఆంథోస్ అంటే పువ్వు. ఆ పేరు పెట్టినవాళ్లకు అది రాగి పూసిన పువ్వులా కనిపించింది, మనవాళ్లకు నెమలి మెడలా కనిపించింది. రెండూ చూసి పెట్టిన పేర్లే. పేరు రంగుకు పెట్టారు, ఆ రంగు కొట్లో పలుకుకూ గనిలో పలుకుకూ ఒకటే. అందుకే "ఖనిజ మైలుతుత్తం" అంటే సరిపోతుందని నేను అనుకుంటున్నాను, పక్కన చాల్కాంథైట్ అని ఒకసారి చెబితే చాలు.

ఖనిజం సంగతి వచ్చింది కాబట్టి దాని స్వభావం కూడా చెప్పుకుందాం, పేరు అర్థం కావడానికి అది అవసరం. రాగి ఖనిజాల్లో మొదట పుట్టేవి చాల్కోపైరైట్ లాంటివి, గంధకంతో కలిసి రాతి లోపల ఉంటాయి. వాటికి గాలీ నీరూ తగిలి, గంధకం సల్ఫేటుగా మారి, ఆ నీళ్లు ఎక్కడో గని గోడ మీదికి ఊరి, ఆరిపోయినప్పుడు నీలం పలుకులుగా మిగిలేదే ఇది. అందుకే ద్వితీయ ఖనిజం అంటారు, అంటే ఒక ఖనిజం పాడై దాని నుంచి పుట్టిన ఇంకో ఖనిజం. సల్ఫేటుల తరగతిలో, నీటిని తనలో పట్టి ఉంచుకునే వాటిలో దీని స్థానం. ఒక్కో రాగి సల్ఫేటుకు ఐదు నీటి అణువులు, బరువులో లెక్కేస్తే 36 శాతం నీరే, రాగి 25 శాతం చిల్లర. ఇనుముతో సైడరోటిల్, మెగ్నీషియంతో పెంటాహైడ్రైట్, మాంగనీసుతో జోకోకుఐట్, ఇవన్నీ ఇదే అమరికలో లోహం మారితే వచ్చే చుట్టాలు, అందరి దగ్గరా నీళ్లు ఐదే. గట్టిదనం మోహ్స్ కొలతలో 2.5, మన వేలిగోరు కంటే కాస్త ఎక్కువ, రాగి నాణెంతో గీస్తే గీత పడుతుంది. స్ఫటికాలు ట్రైక్లినిక్, అంటే మూడు వైపులా ఏ కోణమూ తిన్నగా ఉండదు.

ఇక అరుదు ఎందుకంటే, వాన పడితే కరిగిపోతుంది. మరీ పొడి గాలి తగిలితే అందులోని నీరు పోయి, పైన తెల్లగా పిండిలా రాలుతుంది. రెండింటి మధ్య ఎక్కడో సరిగ్గా కుదిరితేనే నిలుస్తుంది. చిలీ దేశంలో అటకామా ఎడారిలో చుకికమాటా అనే పెద్ద రాగి గని ఉంది, అక్కడ వానలు దాదాపు లేవు కాబట్టి బాగా దొరికింది. మన పల్నాడు వైపు వినుకొండ దగ్గర అగ్నిగుండాల పట్టీలో కూడా రాగి, సీసం ఖనిజాలు ఉన్నాయి, కానీ మన వర్షాలకు మైలుతుత్తం ఆరుబయట ఎన్నాళ్లు ఉంటుంది?

గుంటూరు మాస్టారు:

ఒప్పుకున్నాను, ఖనిజ మైలుతుత్తం బాగుంది. రంగు గురించి ఒక మాట కలుపుతాను. పరీక్షనాళికలో ఈ పలుకులు వేసి వేడి చేస్తే నీలం పోయి తెల్లటి పొడి అవుతుంది, చల్లారాక రెండు చుక్కల నీళ్లు వేస్తే మళ్లీ నీలం. ప్రతి ఏడూ పిల్లలకు చేసి చూపిస్తాను, ప్రతి ఏడూ అందరూ ముందుకు వంగి చూస్తారు. నీరు లేకపోతే ఆ నెమలి మెడ లేదు.

చేబ్రోలు దగ్గర నుంచి, తమలపాకు తోట ఉన్న ఒకాయన:

మా ఇంట్లో ఈ మాట లేని రోజు ఉండదండీ. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం మేమే కలుపుకుంటాం, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. ఇనప పాత్ర వాడొద్దని నాన్న చెప్పేవాడు, ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలపాలి. కలిపాక శుభ్రమైన ఇనప కత్తి ముంచి చూస్తాం, కత్తికి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదని, ఇంకా వెయ్యాలి, లేకపోతే తీగ మాడిపోతుంది. మేము మాత్రం ముందు నుంచీ మైలుతుత్తం అనే అంటాం, మైల అనం.

పోస్టు పెట్టిన నేనే:

అయ్యా, మీరు రాసింది చదివి చాలా సంతోషం వేసింది. "లు" మీ దగ్గర నిలిచి ఉంది, మా పట్నంలోనే ఊడిపోయింది. కత్తికి పట్టే ఆ ఎరుపు అసలు రాగే. ఇనుము ద్రావణంలోకి దిగి రాగిని బయటికి నెట్టేస్తుంది. గనుల్లో ఊరే నీలం నీళ్లలో పాత ఇనుము పడేసి రాగి తీయడం కూడా ఇదే పద్ధతి.

విజయవాడ నుంచి ఒకావిడ:

ఇత్తడి బిందెకు పట్టే చిలుము కూడా ఇదేనా? మా అత్తగారు కిలుం అంటారు.

పోస్టు పెట్టిన నేనే:

కాదమ్మా. చిలుము, కిలుము ఒకటే మాట, కానీ వస్తువు వేరు. బిందెకు పట్టే పచ్చటి పొర గాలిలోని తేమా కార్బన్ డయాక్సైడూ తగిలి ఏర్పడిన రాగి కార్బొనేటు, అది మలకైట్ అనే ఆకుపచ్చ ఖనిజానికి దగ్గరి చుట్టం. నీళ్లు పోసి కడిగితే పోదు, చింతపండు పెట్టి తోమాలి. మైలుతుత్తం అయితే మొదటి చెంబు నీళ్లకే కరిగిపోయేది. తినే గిన్నెలకు కళాయి పూయించేది ఈ చిలుము కడుపులోకి పోకూడదనే.

గుంటూరు మాస్టారు:

ఇంకోటి. ఈ మధ్య ఎగ్జిబిషన్లలో పెద్ద పెద్ద నీలం స్ఫటికాలు సహజమైనవని చెప్పి అమ్ముతున్నారు. చాలావరకు ద్రావణంలో దారం వేలాడదీసి పెంచినవే, కంటితో తేడా కనిపెట్టలేం. నా విద్యార్థులు వారంలో పెంచేస్తారు. కొనేవాళ్లు జాగ్రత్త, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త, చక్కెర పలుకుల్లా కనిపించి నోట్లో పెట్టుకుంటారు.

పోస్టు పెట్టిన నేనే:

బైండింగ్ ఆయనకు ఈ పొద్దున ఇదంతా చెప్పాను. "మరి చెయ్యి కడుక్కోవద్దా?" అని అడిగాడు. కడుక్కోవాలి, అది విషమే, ఆ మాట మారదు అన్నాను. పాత కాగితం పీకేసి కొత్తది నన్నే రాయమన్నాడు. మైలుతుత్తం అని కలిపి ఒకే మాటగా రాసి, కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో "విషం" అని రాశాను. పక్కన నెమలి బొమ్మ వాళ్ల అమ్మాయి వేసింది.