మోడల్ లెసన్‌కి ఫ్లెక్సీ బొమ్మ తీసుకెళ్తే తప్పా?

అనంతపురం_కుంచె:
అందరికీ నమస్తే. డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసై, డ్రాయింగ్ టీచర్ కావడానికి ఈ వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్ చేస్తున్నాను. వచ్చే వారం మోడల్ లెసన్ ఇవ్వాలి, తోటి ట్రైనీలే పిల్లల్లా కూర్చుంటారు. అందరూ కుండ, మామిడికాయ, సూర్యోదయం చార్టులు సిద్ధం చేసుకుంటుంటే నాకేమో పిల్లలు రోజూ చూసే బొమ్మలతోనే పాఠం చెప్పాలని ఉంది, అంటే ఫ్లెక్సీలు, విత్తనాల ప్యాకెట్లు, లారీల వెనక బొమ్మలు, ఫోన్లో కనిపించే థంబ్‌నెయిల్స్. ముందు మా వీధి పిల్లలు ఆరుగురికి ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ ఫొటో చూపించాను. గంటసేపు అందరూ అందులో ఉన్న హీరో ముఖం చూసి గీస్తూ కూర్చున్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. ట్రైనింగ్‌లో ఒకాయనకి చెప్తే "ఇది డ్రాయింగ్ క్లాసా, సినిమా హాలా" అన్నారు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఈ ఆలోచన వదిలేయాలా?

ధర్మవరం_డ్రాయింగ్_మాస్టారు:
వదలొద్దమ్మా. ఫ్లెక్సీలో తప్పు లేదు, బొమ్మ చేతికిచ్చి ఊరుకోవడంలో ఉంది. బొమ్మ కనిపిస్తే చూసి గీయడం, మనం వాళ్లకి నేర్పింది అదొక్కటే కదా. ఈసారి పెన్సిళ్లు పక్కన పెట్టించి అడుగు: ఇందులో ఎవరి ఫొటో అన్నిటికంటే పెద్దది? అడుగున వరసగా ఉన్న చిన్న ముఖాలు ఎవరివి? డబ్బు పెట్టింది ఎవరు? ఏ వైపు నుంచి వచ్చేవాళ్లకి కనబడాలని కట్టారు? అవి చెప్పాక లేపాక్షి వీరభద్ర గుడి కప్పు ఫొటో చూపించు. 16వ శతాబ్దపు బొమ్మ అది. వీరభద్రుడు కప్పు నిండా ఉంటాడు, గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని ఆయన ముందు చిన్నగా ఉంటారు. ఎవరు గొప్పో సైజుతో చెప్పడం ఫ్లెక్సీవాళ్లు కనిపెట్టింది కాదని పిల్లలే అంటారు, నువ్వు చెప్పక్కర్లేదు. నేను ఎనిమిదో తరగతికి ఇలా చెప్తే ఒక పిల్ల, మా ఇంట్లో గోడ మీద నాయన ఫొటో పెద్దది, అమ్మ ఫొటోనే లేదు సార్ అంది. ఆ రోజు ఇక ఎవరూ ఏమీ గీయలేదు, నాకు అది మంచి క్లాసే.
ఇంకొకటి, ముందు నువ్వు చూడాలి. ఒక నోట్‌బుక్ పట్టుకుని క్లాక్ టవర్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా నడిచి, కనబడిన ప్రతి బొమ్మా రాసుకో. ట్రైనింగ్‌లో ఈ పని ఎవరూ చేయించరు, నాకది బాధ.

కడప_బీఎఫ్‌ఏ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. గీత తిన్నగా రాని పిల్లలతో ముప్పావు గంట మాటలే అయితే చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది? వారానికి దొరికేదే ఒకటో రెండో పీరియడ్లు, అవి కూడా లెక్కల సార్లు తీసేసుకుంటారు.

కర్నూలు_టీచరక్క:
తమ్ముడూ, ఆ రెండూ ఒకే పాఠంలో అవుతాయి. నిమ్మలకుంట ఊళ్లో చేసిన తోలుబొమ్మ ఒకటి క్లాసుకి తెచ్చాను. మేకతోలు గీకి పల్చగా చేసి, నగలు, బట్టల అంచుల దగ్గర చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తారు. చేతిలో పట్టుకుంటే మామూలుగా ఉంది, కిటికీ మూసి వెనక టార్చ్ పెట్టగానే పిల్లలు లేచి నిలబడ్డారు. ఒకడు "మేడం, ఇది ఫోన్ లాంటిదే, వెలుగు వెనక నుంచి వస్తోంది" అన్నాడు. నాకే తట్టలేదు ఆ మాట. తర్వాత అట్ట మీద గీసి, కత్తిరించి, సూదితో రంధ్రాలు పొడిచారు. గీత ఎక్కడ లావుగా ఉండాలో తెర మీద నీడ చూసి వాళ్లే దిద్దుకున్నారు. రెండు పీరియడ్లు పట్టింది.
కుంచె చెల్లీ, ఆ హీరో ముఖం మాత్రం పక్కన పెట్టకు. అది ఎందుకంత నచ్చిందో అడుగు, వెక్కిరించకుండా అడుగు.

అనంతపురం_కుంచె:
మాస్టారూ, అక్కా, చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం నడిచాను. నోట్‌బుక్‌లో ఎనిమిది పేజీలు నిండాయి, అందులో చేత్తో రాసిన బోర్డులు నాలుగే, మిగతావన్నీ ప్రింటే. ఒక పంక్చర్ షాపు బోర్డు మీద టైరుకి నీడ ఎంత బాగా వేశారో, పది నిమిషాలు అక్కడే ఆగిపోయాను. మోడల్ లెసన్‌కి ఆ బోర్డు, దాని పక్కన ఫ్లెక్సీ, రెండూ తీసుకెళ్తున్నాను. బోర్డు రాసినాయన నంబరు షాపువాళ్లు ఇచ్చారు, రేపు పొద్దున వెళ్లి కలుస్తాను.