పిల్లల ఆటల భారం తండ్రిపై పెట్టాలా? టెక్సస్‌లోని మెక్సికన్ మూలాల కుటుంబాలపై చర్చ

చర్చ ప్రారంభించిన సభ్యుడు, హ్యూస్టన్:
పిల్లల ఆరోగ్యం గురించి పెట్టే తరగతులకు తల్లులే వస్తారు, తండ్రులు కనిపించరన్న మాట ఇక్కడ చాలాకాలంగా వింటున్నాం. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ మోర్గన్ బృందం తండ్రుల కోసం రూపొందించిన ‘హెల్దీ డాడ్స్, హెల్దీ కిడ్స్’ కార్యక్రమాన్ని హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలవారు ‘పపాస్ సలుదాబ్లెస్, నీన్యోస్ సలుదాబ్లెస్’ అన్న పేరుతో, స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు తగినట్టు మలిచి పరీక్షించారు. ఆరు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని 2018 నాటి అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ గంటను తల్లి ఒక్కతే సర్దలేదు గనుక, ఈ కుటుంబాలలో తండ్రిని కేంద్రంగా పెట్టుకోవడమే సరైన మార్గమని నా అభిప్రాయం. మా పక్కింటాయన ఇళ్లకు పైకప్పులు వేసే పని చేస్తారు. ఆయన ట్రక్కు ఆగగానే పిల్లలు బంతి పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తుకొస్తారు. ఆయన బూట్లయినా విప్పకుండా రెండు రంగు డబ్బాలను గోల్‌పోస్టులుగా నిలబెడతారు.

ఒక ఉపాధ్యాయురాలు, మెకాలెన్:
మీ పక్కింటికి వాకిలి ఉంది, వీధిదీపం ఉంది, అందుకే ఆ ఆట సాగుతోంది. మా హిడాల్గో కౌంటీలోని కొలోనియాలను, అంటే పట్టణ హద్దులకు వెలుపల చౌకగా అమ్మిన స్థలాల్లో వెలసిన బస్తీలను ఒకసారి చూడండి. నీళ్లకూ మురుగు పారుదలకూ 1989 నుంచి రాష్ట్రం నిధులిస్తున్నా, నేటికీ చాలాచోట్ల నడకదారి లేదు, వాన పడితే నీరు నిలిచిపోతుంది, వీధుల్లో కుక్కలు తిరుగుతుంటాయి. వేసవిలో 38 డిగ్రీలు దాటే ఎండలో పనిచేసి చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి తరగతి పెట్టి, రాలేదు కాబట్టి శ్రద్ధ లేదని రాసుకోవడం అన్యాయం. పంటకోతల కాలంలో వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయే తండ్రులున్నారు. తండ్రే లేని ఇళ్లూ ఉన్నాయి. మన ఆశా కార్యకర్తల్లా ఇంటింటికీ తిరిగే ప్రొమోతోరాలు ఎక్కువగా తల్లులతోనే మాట్లాడతారన్నది నిజమే, కానీ పగటిపూట ఇంట్లో దొరికేది వారే కదా.

మరొక సభ్యుడు, డల్లాస్:
మీరిద్దరూ తండ్రికి తీరిక ఉందా లేదా అన్నదాని చుట్టూనే తిరుగుతున్నారు. ఆదివారం ఇక్కడి మైదానాల్లో మెక్సికన్ కార్మికుల ఫుట్‌బాల్ లీగులు జరుగుతాయి. తండ్రి ఆడుతుంటాడు; పిల్లలు గట్టున కూర్చొని, కారం చల్లిన మొక్కజొన్న కంకి తింటూ ఫోన్ చూస్తుంటారు. తండ్రికి ఆట తెలుసు, సమయమూ దొరికింది, పిల్లలూ పక్కనే ఉన్నారు. వాళ్లను లోపలికి పిలిచేవారే లేరు. (మన క్రికెట్ ఆదివారాలూ ఇంతకన్నా గొప్పగా లేవనుకోండి.) ‘మచిస్మో’ (మగవాడినన్న అహంకారం) అన్న ఒక్క మాటతో ఈ పురుషులను కొట్టిపారేయడం నాకు నచ్చదు, ఇంటినీ ఇంటివారినీ ఆదరంగా చూసుకునే మగవాడి ఆదర్శాన్ని పరిశోధకులు ‘కబయెరిస్మో’ అంటున్నారు, అదీ ఆ సంస్కృతిలోదే. నా అభ్యంతరం వేరు. విరామంలో ఎప్పుడైనా బంతి దగ్గరకు పిలిస్తే కొడుకులనే పిలుస్తారు. మోర్గన్ బృందం తండ్రీకూతుళ్ల కోసం విడిగా మరో కార్యక్రమం పెట్టవలసి వచ్చిందంటే, ఈ లోటు ఒక్క మెక్సికన్లదే కాదు.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
కూతుళ్ల మాట ఒప్పుకుంటున్నాను. పక్కింటి పెద్దమ్మాయి చంటి తమ్ముణ్ణి ఎత్తుకొని గుమ్మం దగ్గరే నిలబడి చూస్తుంటుంది. ఆ సంగతి రాయాలని నాకు తోచనే లేదు. అయినా తండ్రిని పక్కన పెట్టాలనడం నాకు సమ్మతం కాదు. మెకాలెన్ మేడం గారూ, మీ ఊళ్లో ఇలాంటిది పెట్టాలంటే ఏ వేళ పెడతారు?

ఉపాధ్యాయురాలు, మెకాలెన్:
ఆదివారం ఉదయం ఎనిమిదింటికి, ఎండ ముదరకముందు, పాఠశాల మైదానంలో పెడతాను. పిల్లలను తండ్రే తీసుకురావాలని పట్టుబట్టను. తాత వచ్చినా, మేనమామ వచ్చినా సరే. చదునైన నేల, నీడ, కుళాయి మూడూ ఉన్న చోటు మాకు అదొక్కటే. అయితే శుక్రవారం సాయంత్రం గేటుకు వేసిన తాళం సోమవారం దాకా తీయరు. ఆ తాళంచెవి ఆదివారం ఎవరి దగ్గర ఉండాలో తేల్చమని నేను రెండేళ్లుగా అడుగుతున్నాను.