ఆదివారం పొద్దున బీచ్‌కి గొలుసు: ఓషన్ గ్రోవ్ వాళ్లకు ఆ హక్కు ఉందా?

గోదారోడు_న్యూజెర్సీ:
మా వాట్సాప్ గ్రూపులో తెగని గొడవ ఇక్కడికి తెచ్చాను. న్యూజెర్సీ తీరంలో యాస్‌బరీ పార్క్ అనే ఊరి పక్కన, వెస్లీ లేక్ దాటితే ఓషన్ గ్రోవ్. 1869లో మెథడిస్టు క్రైస్తవులు వేసవి ప్రార్థనా సభల కోసం సముద్రం ఒడ్డున కట్టుకున్న ఊరు. ఆ సభలు ఇప్పటికీ జరుగుతాయి. చెక్క నగిషీల విక్టోరియన్ ఇళ్లు చూడ్డానికి మనలాంటి వాళ్లూ వెళ్తుంటారు. ఊరి నేల, బీచ్‌తో సహా, ఆ సభలు నడిపే క్యాంప్ మీటింగ్ అసోసియేషన్‌ది. ఇల్లు కొనుక్కోవచ్చు, కింద నేల మాత్రం లీజే.

వేసవి ఆదివారాల్లో ఉదయం 9 నుంచి 12 దాకా ఆరాధన టైమని బీచ్ మెట్లకు గొలుసులు కట్టేవాళ్లు. 2023లో రాష్ట్ర పర్యావరణ శాఖ అలా మూయడం కుదరదని ఆర్డర్ ఇచ్చింది. అసోసియేషన్ ఒప్పుకోక పోరాటానికి దిగింది. కానీ 2024 వేసవిలో ఆదివారం పొద్దున కూడా బీచ్ తెరిచే ఉంచారు. చట్టం సంగతి లాయర్లు చూసుకుంటారు. న్యాయం ఎవరి వైపు ఉందంటారు? నా ఓటు అసోసియేషన్‌కే. వారానికి మూడు గంటలు ఆగలేమా?

సెక్షన్_చూపించు:
గంటల లెక్క కాదండీ. న్యూజెర్సీలో అలలు తడిపే నేల ప్రజలది, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే. తడి ఇసుక దాకా వెళ్లాలంటే పొడి ఇసుక దాటాలి కదా. 1984లో బే హెడ్ అనే ఊరి కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది అదే. బీచ్‌ని తమ సభ్యులకే అట్టిపెట్టుకున్న ఓ సంఘాన్ని బయటి జనాన్ని కూడా రానివ్వమంది. "నా స్థలం, నా ఇష్టం" అనే మాట అక్కడే సగం పోయింది.

ఈ ఊరి పాత చరిత్ర కూడా తెలుసుకోండి. 1970ల దాకా అక్కడ సొంత పోలీసులు, సొంత కోర్టు. ఆదివారం వీధిలో కారు నడపకూడదు, నిలపకూడదు. 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు, మత సంస్థ చేతిలో ప్రభుత్వ అధికారాలు చెల్లవని కొట్టేసింది. అప్పట్నుంచి పాలన నెప్ట్యూన్ టౌన్‌షిప్‌ది, అంటే స్థానిక ప్రభుత్వానిది. ఆ కాలంలో మిగిలిపోయిన చివరి ముక్కే ఈ గొలుసు.

తిరుపతి_అల్లుడు:
ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకండి. తిరుమల కొండ మీద మందు, మాంసం, సిగరెట్టు ఏవీ కుదరవు. అలిపిరి దగ్గరే బ్యాగులు తనిఖీ చేస్తారు. మనలో ఎవరైనా "ఇది నా వ్యక్తిగత హక్కు" అని కేసు వేశామా? పైగా ఎవరన్నా సీసాతో దొరికితే మనమే తిడతాం. మన కొండకు ఒక రూలు, వాళ్ల ఒడ్డుకు ఇంకో రూలా? ఓషన్ గ్రోవ్‌లో ఇప్పటికీ మందు అమ్మరు, దాని మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు.

సెక్షన్_చూపించు:
అల్లుడుగారూ, కొండ మీద నిషేధం రాష్ట్ర చట్టం బలంతో నడుస్తోంది, టీటీడీ బోర్డును వేసేది కూడా ప్రభుత్వమే. అక్కడ గుడే సొంత ప్రభుత్వం కాదు. మత సంస్థ, ప్రభుత్వం అలా కలవడమే అమెరికా రాజ్యాంగంలో కుదరదు. ఇంకో సంగతి, బంగాళాఖాతం తిరుమల కిందకి రాదు :)

తిరుపతి_అల్లుడు:
చట్టం తేడా ఒప్పుకుంటా. మర్యాద సంగతి అడిగాను, దానికి జవాబు రాలేదు.

మేరీ_బాపట్ల:
మర్యాద మాటొచ్చింది కాబట్టి నేను చెప్తాను అన్నయ్యా. మాది విశ్వాసుల కుటుంబం. గుంటూరు దగ్గర గుడారాల పండుగకి చిన్నప్పుడు అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లం. ఓషన్ గ్రోవ్‌లో నా కాళ్లు ఇళ్ల దగ్గర ఆగలేదు, గుడారాల దగ్గర ఆగాయి. సభలు జరిగే పెద్ద హాలు, గ్రేట్ ఆడిటోరియం చుట్టూ 114 గుడారాలు ఇప్పటికీ వేస్తారు. ముందు భాగం కాన్వాసు, వెనక చిన్న చెక్క గది, అందులోనే వంటిల్లు, స్నానాల గది. వేసవి అయిపోయాక గుడ్డ విప్పి ఆ గదిలోనే దాచేస్తారు. ఒక్క గుడారం దొరకాలంటే ఏళ్ల తరబడి లిస్టులో ఉండాలట.

ఆ ఆడిటోరియం 1894లో 92 రోజుల్లో కట్టారు. గోడలకు బార్న్ తలుపుల్లాంటి పెద్ద తలుపులు, అవన్నీ తెరిస్తే సముద్రం గాలి లోపలికి కొడుతుంది. వేల మంది కూర్చోవచ్చు. ఆర్గన్ మోగితే కుర్చీ కింద చెక్క కూడా అదురుతుంది. ఓషన్ పాత్‌వే అని అక్కణ్ణుంచి నేరుగా సముద్రం దాకా విశాలమైన పచ్చిక దారి ఉంది. ఆదివారం పొద్దున ఆ దారిలో చర్చికి నడిచేవాళ్లు, కూలర్లు, గొడుగులు మోసుకుంటూ బీచ్‌కి నడిచేవాళ్లు ఒకరికొకరు అడ్డం రాకూడదనే ఆ మూడు గంటలు. నాకందులో దురుద్దేశం కనిపించలేదు.

కానీ సర్కారు చేత గొడవ పెట్టించుకుని మరీ గొలుసు కట్టాలా అంటే, అక్కర్లేదు. ఆరాధన లోపల ఉంటుంది, గొలుసులో ఉండదు.

పాతిళ్ల_పిచ్చి:
నేను ఆర్కిటెక్చర్ వాణ్ని, కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఓషన్ గ్రోవ్‌లో అందరూ వరండాల నగిషీ ఫొటోలు తీస్తారు, వీధిని చూడరు. సముద్రానికి దగ్గరగా ఉన్న వరసల్లో ఇళ్లు ఒకే గీత మీద ఉండవు. ఒడ్డుకు చేరేకొద్దీ ఒక్కో ఇల్లు కాస్త వెనక్కి జరుగుతుంది, వీధి గరాటులా విచ్చుకుంటుంది. వెనకింటివాళ్లకు కూడా గాలి, సముద్రం అందాలని అలా గీశారు. నేల అంతా ఒకే సంస్థ చేతిలో ఉండి, ప్లాట్లు లీజుకిచ్చేటప్పుడే షరతు పెట్టింది కాబట్టి అది సాధ్యమైంది. ఎవడికి తోచినట్టు వాడు ప్రహరీ ముందుకు జరుపుకునే మన కాలనీలు గుర్తొచ్చి నాకు అసూయ వేసింది. ఒడ్డున కాండోలు (అపార్టుమెంట్లు) లేవకుండా కాపాడింది కూడా ఆ ఒక్క యజమానే, తర్వాత 1976లో వచ్చిన చారిత్రక గుర్తింపు. కాబట్టి "అసోసియేషన్ పెత్తనం వద్దు, అందమైన ఇళ్లు మాత్రం కావాలి" అనేవాళ్లు ఆ ఇళ్లు ఎలా మిగిలాయో ఒకసారి ఆలోచించాలి.

అలాగని గొలుసుకు ఓటేయను. మసాచుసెట్స్‌లో మార్తాస్ వినియర్డ్ దీవి మీద ఓక్ బ్లఫ్స్ ఉంది. 1835లో అక్కడ తోపులో గుడారాలు వేసి సభలు మొదలెట్టారు, తర్వాత గుడారం ఉన్న అదే జాగాలో చెక్క ఇళ్లు కట్టుకున్నారు. అందుకే అవి బొమ్మరిళ్లలా ఇరుకు. ముందు మధ్యలో రెండు రెక్కల తలుపు, గుడారం గుడ్డ పక్కకు తొలగించినట్టు ఉంటుంది. మూడు వందలకు పైగా ఇళ్లు ఈ రోజుకీ ఉన్నాయి. అక్కడ కూడా ఇల్లు మనది, నేల అసోసియేషన్‌దే. కానీ వాళ్ల నేల ముప్పై నాలుగు ఎకరాల తోపు వరకే, సముద్రం దాకా పోదు. ఏ బీచ్‌కీ గొలుసు కట్టకుండానే ఇళ్లు నిలిచాయి. ఆగస్టులో ఒక రాత్రి ప్రతి వరండాకీ కాగితపు లాంతర్లు వేలాడదీస్తారు, బయటి జనం వేలల్లో వచ్చి చూస్తారు.

ఇళ్లను కాపాడింది నేల మీద యాజమాన్యం. ఆదివారం రూలు కాదు. ఈ రెంటినీ కలిపి మాట్లాడుతున్నారు కాబట్టే ఈ చర్చ తెగట్లేదు.

గోదారోడు_న్యూజెర్సీ:
ఇది బాగుంది మాస్టారూ. కానీ రూలు తీసేస్తే ఆ సంస్థ మెల్లగా మామూలు రియల్ ఎస్టేట్ కంపెనీ అయిపోదా? నమ్మకం పోయాక నేలను పట్టుకుని ఎందుకు కూర్చుంటుంది, అమ్మేస్తుంది కదా!

నెప్ట్యూన్_అద్దెమనిషి:
నేను దగ్గర్లోనే ఉంటా. పాతిళ్ల పిచ్చిగారు ఒకటి వదిలేశారు. 1970, 80ల్లో ఆ ఇళ్లలో చాలా భాగం పాడుబడి, చవక బోర్డింగ్ హౌసులైపోయాయి. అప్పుడు అసోసియేషన్ ఉంది, నేలా ఉంది, ఇళ్లు మాత్రం పెచ్చులూడాయి. 90ల నుంచి వాటిని కొని, రంగులేసి, నగిషీ కొత్తగా చెక్కించింది బయట నుంచి వచ్చినవాళ్లు. అందులో గే, లెస్బియన్ జంటలు చాలామంది.

తర్వాత ఏమైంది? 2007లో బోర్డ్‌వాక్ (ఒడ్డు వెంట నడకదారి) మీది పెవిలియన్‌లో, అంటే తెరిచి ఉన్న మంటపంలో, సివిల్ యూనియన్ (పెళ్లిలాంటి చట్టబద్ధ బంధం) చేసుకుంటామని రెండు లెస్బియన్ జంటలు అడిగితే అసోసియేషన్ కాదంది. ఆ పెవిలియన్‌ని అందరికీ తెరిచి ఉంచుతామని చెప్పి పన్ను మినహాయింపు తీసుకున్నది వీళ్లే. రాష్ట్రం దానికి మినహాయింపు తీసేసింది, 2012లో జడ్జి అది వివక్షేనని తీర్పిచ్చారు. 2012లోనే వచ్చిన శాండీ తుఫానుకి దెబ్బతిన్న పియర్‌ని (సముద్రంలోకి వెళ్లే వంతెన) తిరిగి కట్టి 2023లో తెరిచారు, శిలువ ఆకారంలో. కాబట్టి ఆదివారం గొలుసు ఇక్కడివాళ్లకు మూడు గంటల సంగతిలా కనిపించదు. "ఈ ఊరు ఎవరిది" అనే పాత పంచాయితీలో తాజా వాయిదాలా కనిపిస్తుంది. అందరికీ అని చెప్పి మినహాయింపు తీసుకున్నాక మళ్లీ సొంత స్థలం అంటే ఎలా? మేరీగారి మాట మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆమె అతిథిగా వెళ్లారు.

మేరీ_బాపట్ల:
అతిథినే, ఒప్పుకుంటా. అయితే ఆడిటోరియంలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ అతిథి కాదు. వాళ్ల తాతల కాలం నుంచి అదే గుడారంలో వేసవి గడుపుతున్నారు. ఇళ్లకు రంగులేసినవాళ్లకు ఊరి మీద హక్కు ఉన్నప్పుడు ఆమెకు లేదా? పెవిలియన్ సంగతిలో మాత్రం మీతోనే ఉన్నాను. మాట ఇచ్చి మినహాయింపు తీసుకుని తలుపు మూయడం ఏ లెక్కన చూసినా తప్పే.

తిరుపతి_అల్లుడు:
సరే, నాది కూడా కొంచెం మారింది. నేల, మందు, ఇళ్ల రూల్స్ వాళ్ల చేతిలో ఉండనివ్వండి. సముద్రాన్ని వదిలేయండి. కానీ జనం కూడా పదింటికి స్పీకర్ పెట్టుకుని గుడారాల మధ్య నుంచి నడవకూడదు. ఈ రూలు ఎవరు పెట్టినా నేను సంతకం పెడతా.

సెక్షన్_చూపించు:
స్పీకర్ల మీద రూలు పెట్టే అధికారం టౌన్‌షిప్‌కి ఎలాగూ ఉంది. గొలుసు అవసరం అక్కడే తీరిపోయింది.

గోదారోడు_న్యూజెర్సీ:
నా ఓటు ఇంకా మారలేదు, మేరీగారి పెద్దావిడ ఉన్నంత కాలం మారదు కూడా. వచ్చే నెల ఎడిసన్ నుంచి మా పిన్నివాళ్లని తీసుకెళ్తున్నా. పార్కింగ్ ఎలా ఉంటుంది?

నెప్ట్యూన్_అద్దెమనిషి:
నరకం. యాస్‌బరీ పార్క్ స్టేషన్ దాకా ట్రైన్‌లో వచ్చి నడవండి. వేసవిలో బీచ్‌కి ప్రవేశ బ్యాడ్జి కొనాలి. గుడారాల సందుల్లో నడుస్తూ లోపలికి తొంగిచూడొద్దని పిన్నిగారికి ముందే చెప్పండి, అవి వాళ్ల పడకగదులు.