దొంగ కార్డుతో ఆడిస్తే మ్యాచ్ రద్దుతోనే సరా?

అనంతపురం నుంచి రాస్తాండా. కాలేజీల కబడ్డీ సెమీస్‌లో మాపై దిగిన రైడర్ డిగ్రీ అయిపోయి రెండేళ్లయిన మనిషి. ఐడీ కార్డు మీద ఫొటో అతికించిన జిగురు కూడా ఆరలేదు. ఫిర్యాదు చేస్తే ఆ మ్యాచ్ ఒక్కటి రద్దు చేసి వదిలేసినారు. ఇదేం శిక్షప్పా?

కర్నూలు డిఫెండర్: దింపిన పీడీ (ఆటలు నేర్పే) సారును వదిలి పిల్లోణ్ణి పట్టుకుంటే ఏం లాభం? అమెరికాలో ఆటగాళ్లకు డబ్బులిచ్చిందని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ (ఎస్‌ఎంయూ) 1987 ఫుట్‌బాల్ సీజన్ మొత్తం ఎత్తేసినారు. 1988లోనూ వాళ్లు ఆడలేదు.

కడప అబ్బి: అట్ల చేస్తే నిజాయితీగా ఆడేటోళ్లూ మునుగుతారన్నా. స్టెరాయిడ్‌కు మొదటిసారే 4 ఏళ్ల నిషేధం ఉందే, దొంగ కార్డుకూ అంతే పెట్టాల. సంతకం పెట్టిన సారుకూ.

అనంతపురం: ఆ సారు మా మేనమామే. అందుకే కాలేజీ పేరు రాయలేదు.