“పండంటి బిడ్డ” అని ఎప్పుడు రాయాలి?

అందరికీ నమస్కారం. అమెరికాలోని అరిజోనాలో ఉండే పీమా ఆదివాసీ స్త్రీల గురించి ఒక ఆరోగ్య వ్యాసం రాస్తున్నాను. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ ఉన్న తల్లులకు అక్కడ బాగా బరువున్న పిల్లలు పుట్టడం 1965 నుంచి సాగిన పరిశోధనల్లో కనిపించింది. నాలుగు కిలోలు దాటిన అలాంటి శిశువును “పండంటి బిడ్డ” అనవచ్చా?

జవాబు: వద్దండీ. పండంటి అంటే పండులాంటి, ఏ లోపమూ లేని అని కదా. పత్రికల్లో “నాలుగున్నర కిలోల పండంటి మగబిడ్డ” అని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. నేను ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుని. బిడ్డ బుగ్గలు నిండుగా, ఒళ్ళు ఎర్రగా ఉంటుంది. బయట చుట్టాలు మురిసిపోతుంటారు. లోపల మేము మడమ మీద సూది గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర పడిపోతూ ఉంటుంది. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఆమె ఇన్సులిన్ మాత్రం దాటదు. దాంతో బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, ఒంట్లో కొవ్వు చేరుతుంది. బొడ్డుతాడు కోశాక చక్కెర రావడం ఆగిపోతుంది కానీ ఆ ఇన్సులిన్ వెంటనే తగ్గదు. డెన్మార్క్ డాక్టర్ పెడర్సన్ 1950ల్లోనే ఈ సంగతి వివరించారు. ఇక కాన్పులో భుజం ఇరుక్కుంటే మా అందరికీ ఎంత టెన్షనో చెప్పలేను.

మరొకరు: పీమా తోబుట్టువుల మీద 2000లో వచ్చిన పరిశోధన కూడా చేర్చండి. తల్లికి షుగర్ రాకముందు పుట్టినవాళ్ళకంటే, వచ్చాక పుట్టినవాళ్ళకే పెద్దయ్యాక షుగర్ ఎక్కువగా వచ్చింది. అమ్మానాన్నలు వాళ్ళే, కాబట్టి అంతా జన్యువుల మీదకి తోసేయలేం. ఇంకో మాట. పీమాలు తమను అకిమెల్ ఓధమ్, అంటే నది మనుషులు అని చెప్పుకుంటారు. 19వ శతాబ్దం చివర్లో వలసవచ్చినవాళ్ళు గిలా నది నీళ్ళు ఎగువనే మళ్ళించుకోవడంతో వీళ్ళ సేద్యం దెబ్బతింది, తిండి మారిపోయింది. జబ్బు ఆ జాతి రక్తంలోనే ఉందన్నట్టు మాత్రం రాయకండి.

ఇంకొకరు: బరువు తక్కువైతే క్షేమమనీ అనుకోకూడదు. ఆస్ట్రేలియా ఆదివాసీ తల్లుల్లో షుగరూ ఎక్కువే, రెండున్నర కిలోలలోపు పుట్టే పిల్లలూ ఎక్కువే. పుణె దగ్గరి పల్లెల్లో సగటున 2.7 కిలోలతో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండులో 3.5 కిలోలతో పుట్టినవాళ్ళతో పోల్చి చూశారు. మనవాళ్ళు బక్కగా ఉన్నా ఒంట్లో కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

అడిగినవారు: సంతోషమండీ. “నాలుగు కిలోలకు పైగా బరువుతో పుట్టిన బిడ్డ” అనే రాస్తాను. నది సంగతి ముందుకు తెస్తాను. చివర్లో మన దగ్గర చేసే పరీక్ష గురించీ చెబుతాను: 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు రక్తంలో చక్కెర 140 (మి.గ్రా./డె.లీ.) గానీ అంతకు మించి గానీ వస్తే గర్భిణికి షుగర్ ఉన్నట్టు. పరగడుపున రానక్కర్లేదని కూడా రాయాలి, చాలామంది ఆ భయంతోనే వాయిదా వేస్తున్నారు.